రిజిస్టర్‌లో ఎక్కని మెయిలు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "రాలేదు" అన్నాను, అంతే. ఒక మనిషి నన్ను నమ్మి అడిగితే, వచ్చినదాన్ని రాలేదన్నాను. అన్నప్పుడు నా గొంతు తడబడలేదు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే అన్నం తిన్నాను, క్యారియర్ కడుక్కున్నాను. అంత తేలిగ్గా ఎలా తిన్నానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. ఒకసారి నా భార్యతో సగం దాకా వచ్చి, "ఏముందిలే, ఆఫీసు గొడవ" అని మింగేశాను. ఇంకెన్నాళ్ళు మింగాలి? పేర్లు మార్చాను. మా సంస్థ పేరు చెప్పను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తాను. రాయగలనో లేదో నాకే అనుమానంగా ఉంది.

మార్కాపురం దగ్గర ఒక విశ్వవిద్యాలయ కేంద్రం, అందులో భూగర్భశాస్త్ర విభాగం. అక్కడ కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి నేను. అప్పట్లో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఎండాకాలం చివర్లో హెడ్ సార్ "ఇతని పని తృప్తికరం" అని ఒక ముక్క రాసి పైకి పంపితేనే మరుసటి ఏడాది నా కుర్చీ నాది. ఆ ముక్క కోసం ఏడాది పొడుగునా మంచివాడిలా తిరిగేవాణ్ణి. ఎవరి ప్రింటర్ మొరాయించినా పరుగెత్తేవాణ్ణి. ఎవరు పిలిచినా "వస్తున్నా సార్" అనేవాణ్ణి. అదంతా మంచితనమనే అనుకున్నాను. భయమని తర్వాత తెలిసింది.

ఒక ఏడాది పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి విభాగానికీ సొంతంగా ఒక మెయిల్ సర్వీసు ఉండాలి, ఆఫీసు ఉత్తరాలు ఇక అందులోంచే నడవాలి అని. పెద్ద ఊళ్ళలో ఇలాంటివి ఎవరో కంపెనీవాళ్ళు వచ్చి పెట్టిపోతారు. మా దగ్గర కంపెనీ అంటే నేనే. రాళ్ళ నమూనాలు పెట్టే గదిలో ఒక మూల బల్ల ఖాళీ చేయించి, దానిమీద పాత కంప్యూటర్ ఒకటి పెట్టాను. నెట్‌లో చదవడం, తప్పు చేయడం, చెరిపి మళ్ళీ మొదలుపెట్టడం. కరెంటు పోయిందంటే కథ మొదటికొచ్చేది. దాదాపు రెండు వారాలు కుస్తీ పట్టాక, ఒకరోజు అందులోంచి నా ఫోన్‌కి "పరీక్ష" అని ఒక్క మాట పంపితే టింగుమని వచ్చి పడింది. గదిలో పలక రాళ్ళు తప్ప ఎవరూ లేరు. అయినా చప్పట్లు కొట్టాను. ఎవరూ చెప్పకుండా, ఎవరి సాయమూ లేకుండా నేను చేసిన మొదటి పని అది. ఆ గర్వం సంగతి గుర్తుపెట్టుకోండి. భయం ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదు.

పెట్టడం ఒక ఎత్తు, మా అయ్యవార్ల చేత వాడించడం ఒక ఎత్తు. ఒకాయన పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి కంప్యూటర్‌కే అంటించుకున్నాడు. ఇంకొకాయన మెయిల్ పంపి, చేరిందో లేదో కనుక్కోమని నన్ను పక్క గదిలోకి పంపేవాడు. ఇక హెడ్ సార్‌ది పాతకాలం పద్ధతి. కాగితమన్నాక దానికో నంబరుండాలి. మొదటి మెయిల్ చూపించగానే కళ్ళద్దాలు సవరించుకుని, "బాగుందయ్యా. ఇన్‌వర్డ్ నంబరేదీ?" అన్నారు. మెయిల్‌కు నంబరుండదు సార్ అన్నాను. "నంబరు లేకుండా వచ్చినదానికి జవాబు ఎట్ల రాస్తామయ్యా?" అన్నారు.

అప్పటినుంచి వచ్చిన ప్రతి మెయిలూ ప్రింటు తీయాలి, ముద్ర వేయాలి, పోస్టులో వచ్చే ఉత్తరాలు ఎక్కించే పొడుగాటి ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లోనే దీన్నీ ఎక్కించి నంబరు వేయాలి, సంతకం తీసుకుని సంబంధించినవాళ్ళకు ఇవ్వాలి. నవ్వొచ్చినా చేసేవాణ్ణి. రిజిస్టర్‌లో ఎక్కితే వచ్చినట్టు, ఎక్కకపోతే రానట్టు. మా విభాగంలో అదే చట్టం.

మూడో నెలలో హెడ్ సార్‌కు ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో ఒక వితంతువుకు భూగర్భశాస్త్రమంటే ప్రాణమట, తన ఆస్తి మా విభాగానికి రాసిస్తుందట. సార్ దానికీ నంబరు వేయించి, ఎంతో మర్యాదగా జవాబు రాసి, ఇంటి ఫోన్ నంబరుతో సహా వివరాలన్నీ ఇచ్చారు. తర్వాత వాళ్ళింటికి ఒకటే ఫోన్లు. ఆ ఇంట్లో ఆయన ఏం పడ్డారో తెలియదు గానీ, ఒక ఉదయం నన్ను పిలిచి, "ఇక మీదట బయటి మెయిల్ ఏది వచ్చినా ముందు నువ్వు చూడు. మంచిదైతే లోపలికి పంపు, లేకుంటే తీసెయ్" అన్నారు.

అలాగే పెట్టాను. కొత్త చోటు నుంచి ఏ మెయిల్ వచ్చినా హోల్డ్ లిస్టులో ఆగిపోతుంది. రోజూ పొద్దున పది గంటలకు నేను ఆ లిస్టు తెరిచి, ఒక్కొక్కటీ చూసి, వదిలితేనే అది ఆ మనిషికి చేరుతుంది. ఇంకొకరికి కూడా దాని పాస్‌వర్డ్ ఇచ్చి ఉంచమని సార్ ఒకసారి అన్నారు. ప్రమాదం సార్ అన్నాను. ప్రమాదమూ లేదు, పాడూ లేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకు వచ్చేవన్నీ ముందు నా చేతిమీదుగా పోవడం నాకు ఇష్టంగా ఉండేది.

రఫియా అక్కడ పరిశోధన చేసే విద్యార్థిని. ఊరు గిద్దలూరు. వాళ్ళ నాన్నకు అక్కడ బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. కాలిపోయిన మోటారు తీసుకుని ఏ రైతు వచ్చినా, మీ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి, పళ్ళు గారపడుతున్నాయా, కీళ్ళు పట్టేస్తున్నాయా అని నాన్న అడగడం ఆ పిల్ల చిన్నప్పటినుంచీ వింటూ పెరిగింది. చివరికి దాన్నే పరిశోధనగా తీసుకుంది. అర్ధవీడు, వెలిగండ్ల, కొమరోలు మండలాల్లో ఊరూరా తిరిగి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చేది. ఫ్లోరైడ్ ఏ బోరులో ఎంతుందో, ఏ లోతున ఎందుకు పెరుగుతుందో తేల్చాలని ఆమె పట్టుదల. బస్సులో సీసాల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చునేది. బస్సు పోని ఊళ్ళకు వాళ్ళ నాన్నే దుకాణం మూసేసి మోపెడ్ మీద తీసుకుపోయేవాడు.

కొమరోలు మండలంలో మా ఊరికీ వచ్చింది. మా బోరు నీళ్ళు పట్టుకుపోయి, నెల తర్వాత ఫలితం కాగితంతో తనే మళ్ళీ వచ్చింది. "పెదనాయనా, ఈ నీళ్ళు చేనుకు పెట్టుకో. నోట్లోకి మాత్రం వద్దు" అని మా నాయన పక్కన కూర్చుని చెప్పింది. మా నాయన డాక్టర్ చెప్పినా వినే రకం కాదు. ఆ పిల్ల మాట విన్నాడు. ఆ రోజునుంచి ఇంట్లో తాగడానికి క్యాన్ నీళ్ళే. వెళ్ళేటప్పుడు సంచి నిండా వేరుశనక్కాయలు పోసి పంపాడు.

ఆ ఏడాది ఆమె ఒక పెద్ద పరిశోధనా సంస్థకు దరఖాస్తు పెట్టింది. దూరపు నగరం. మా దగ్గర లేని యంత్రాలన్నీ అక్కడున్నాయి. రెండేళ్ళు అక్కడే ఉండి పని చేసుకోవచ్చు. "అక్కడికి పోతే ఈ సీసాలన్నిటి సంగతీ తేలిపోతాదన్నా" అనేది. దరఖాస్తు ప్రింటు తీయడానికి నా దగ్గరికే వచ్చింది. అందులో తన సొంత మెయిల్ ఐడీ రాసుకుంది. నేను చూశాను. నాకు చివుక్కుమంది. ఇంత కష్టపడి పెడితే మనవాళ్ళే వాడకపోతే ఎలా అని, విభాగం ఐడీ ఉంటే గౌరవంగా కూడా ఉంటుందని నచ్చజెప్పి, నేనే కీబోర్డు లాక్కుని ఆమె ఐడీ చెరిపి మా ఐడీ కొట్టాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "సరే అన్నా, నీ ఇష్టం" అంది. ఆ దరఖాస్తులో నా ఇష్టానికి పనేమిటి? అప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మూడు నెలలు గడిచాయి. మే నెలలో మా బోరు ఎండిపోయింది. చేలో నిమ్మచెట్లు వాడుతున్నాయి. బోర్లు వేసే రిగ్గు లారీ మా వైపు వచ్చిందని, మళ్ళీ దొరకదని నాయన ఫోన్ చేశాడు. హెడ్ సార్ మీటింగులకని ఊళ్ళో లేరు. కాంట్రాక్టువాళ్ళకు సెలవులు అంతంత మాత్రం. సోమవారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయాను. ఒకటి రెండు రోజుల్లో వద్దామనుకున్నాను. మొదటి పాయింటులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండో పాయింటు చూపించి, లారీ కోసం మళ్ళీ కాచుకుని, తడి కనపడేసరికి శనివారం దాటింది. మరుసటి సోమవారం తిరిగొచ్చి, హాజరు పుస్తకంలో ఖాళీగా ఉన్న గళ్ళన్నిటిలో ఒకే పెన్నుతో వరసగా సంతకాలు పెట్టేశాను. మాలాంటివాళ్ళం అందరం చేసే పనే అది. ఎవరూ ఏమీ అనరు, బయటపడనంత కాలం.

తర్వాత హోల్డ్ లిస్టు తెరిచాను. వారం రోజులది. తెర దాటి కిందికి పోయింది. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంటే మధ్యలో ఆ సంస్థ పేరు కనిపించింది. మంగళవారం వచ్చింది. రఫియా పేరు మీద.

ఆమె ఎంపికైంది. శనివారం లోపల సమ్మతి తెలియజేయాలని రాశారు. ఆ శనివారం అయిపోయి రెండు రోజులైంది.

మెయిల్ అక్కడితో అయిపోలేదు. అయిపోయి ఉంటే ఈ రోజు నాకు కొంచెం మేలుగా ఉండేది. కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. ఏదైనా కారణం చేత గడువులోపల జవాబు ఇవ్వలేకపోయినవాళ్ళు, ఆ కారణం రాసి, తమ విభాగాధిపతి సంతకంతో మరో వారంలోపల పంపితే పరిశీలిస్తాం, అప్పటిదాకా సీటు ఉంచుతాం అని. అంటే ఇంకా ఐదు రోజులుంది. కావలసింది ఒక్క ఉత్తరం. మా విభాగం మెయిల్ సర్వీసులో ఆలస్యం జరిగింది, అభ్యర్థి తప్పు లేదు అని సార్ రెండు ముక్కలు రాసి సంతకం పెడితే చాలు.

ఆ రెండు ముక్కలు ఎందుకు రాయాలో సార్ అడగరా? అడుగుతారు. హోల్డ్ లిస్టు వారం పాటు ఎవరూ తెరవలేదని చెప్పాలి. ఎందుకు తెరవలేదంటే నేను లేనని చెప్పాలి. లేనివాడి సంతకాలు హాజరు పుస్తకంలో ఎలా ఉన్నాయో చెప్పాలి. "ఇతని పని తృప్తికరం" అని సార్ రాయాల్సింది సరిగ్గా ఆ వారమే.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మూడుసార్లు చదివాను. చెప్పేద్దామని ఒకసారి లేచాను కూడా. అప్పటికి ఊరినుంచి తిరిగొచ్చిన సార్ గది తలుపు దాకా పోయి, లోపల ఎవరో ఉన్నట్టు మాటలు వినబడితే వెనక్కి వచ్చేశాను. ఎవరో ఉన్నారని వచ్చేశానా? ఎవరూ లేకపోయినా వచ్చేసేవాణ్ణా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. జవాబు తెలిసే అడుగుతుంటాను.

వచ్చి, ఆ మెయిల్ తీసేశాను. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అవును అన్నాను. చెత్తబుట్టలో ఉండిపోతుందని అక్కడినుంచి కూడా తీసేశాను. ఏ మెయిల్ ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టుకునే ఫైల్ ఒకటుంటుంది. అందులోని ఆ ఒక్క గీతనూ వెతికి మరీ చెరిపేశాను. అంత చక్కగా, ఒక్క పొరపాటు లేకుండా చేశాను. ఆ పనిలో నాకు మంచి నైపుణ్యం ఉంది.

మంగళవారం మధ్యాహ్నం రఫియా వచ్చింది. గిద్దలూరు బస్సుకు టైమవుతోందని చున్నీ సర్దుకుంటూ తలుపు దగ్గరే నిలబడింది.

"అన్నా, నాకేమన్నా మెయిల్ వచ్చిందా?"

"రాలేదమ్మా."

"ఆ హోల్డ్‌లో కూడా చూసినావా? నాతోపాటు పెట్టినామెకు పోయిన వారమే వచ్చిందంట."

"చూసినా. లేదు."

నేను తెరవైపే చూస్తూ, అక్కడ ఏదో పని ఉన్నట్టు మౌస్ కదిలిస్తున్నాను.

"అయితే నన్ను తీసుకోలేదన్న మాట" అంది.

"ఏమోనమ్మా. అట్లే ఉంది."

"పోనీలే అన్నా. నువ్వేం చేస్తావు. నీ మొహమెందుకు అట్ల పెట్టినావు?"

నన్ను ఓదార్చింది. తనకు సీటు రాలేదని నేను బాధపడుతున్నాననుకుంది. అన్నాను కదా, ఆమె వెళ్ళాక అన్నం తిన్నాను.

మరుసటి రోజు సార్‌ను కూడా అడిగింది. ఆ సంస్థవాళ్ళకు తనే ఒకసారి రాసి కనుక్కోవచ్చా అని. సార్ మంచి మనిషి. ఉన్నపళాన ఇన్‌వర్డ్ రిజిస్టర్ తెప్పించి, వేలు పెట్టి ఒక్కో వరుసా చూసి, "ఇందులో లేదమ్మా. అంటే వాళ్ళు పంపలేదు. తీసుకోనివాళ్ళను మనం పోయి ఎందుకు తీసుకోలేదని అడిగితే బాగుండదు. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. నేను ఆ రిజిస్టర్ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. సార్ ఆ వారమే నా గురించి రాశారు. తృప్తికరం అనే కాదు, బాధ్యత గల మనిషి అని కూడా రాశారు.

రఫియా మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టలేదు. పెట్టమ్మా అని నేనే అన్నాను. ఎంత సిగ్గులేనితనమో చూడండి. నవ్వి ఊరుకుంది. సీసాలు తేవడం తగ్గింది. తర్వాత విభాగానికి రావడం తగ్గింది. వాళ్ళ నాన్నకు చూపు సరిగా ఆనడం లేదని, దుకాణంలో తను కూర్చుంటోందని ఎవరో చెప్పారు. మా నాయన మాత్రం వదిలేవాడు కాదు. నేను ఊరికి పోయినప్పుడల్లా, "ఆ నీళ్ళ పిల్ల ఏమయిందిరా?" అని అడిగేవాడు. "సీటు రాలేదంట నాయనా" అనేవాణ్ణి. "రాకపోవడమేంది? అంత తెలివి గల పిల్లకు రాకపోతే ఇంకెవరికి వస్తాది?" అని నన్నే కసిరేవాడు. ఆయనకు అలా ఎన్నిసార్లు అబద్ధం చెప్పానో లెక్క లేదు.

ఏళ్ళు గడిచాయి. నా ఉద్యోగం పర్మినెంటయింది. మెయిల్ సర్వీసు ఇప్పుడు బయటి కంపెనీ చేతికి పోయింది. హోల్డ్ లిస్టూ లేదు, నంబర్లు వేయించే సారూ లేరు. నాకు నేను సర్దిచెప్పుకోవడం కూడా బాగా అలవాటయింది. ఆమె బాగానే ఉంది కదా. సొంత ఊళ్ళో, సొంత దుకాణంలో, నలుగురిలో గౌరవంగా ఉంది కదా. అక్కడికి పోయి ఉంటే మాత్రం ఏమయ్యేదో ఎవరికి తెలుసు? ఇలాంటివి చాలా చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా ఒక పూట నడిచేది.

పోయిన ఎండాకాలం మా బోరు మోటారు కాలిపోయింది. గిద్దలూరు పోవాలంటే నాకు ఎప్పుడూ కాళ్ళాడవు. కానీ మా ఊరి మెకానిక్, మంచి వైండింగ్ అంటే ఆమె దగ్గరే అని, ఆటోలో మోటారు ఎక్కించి, నన్నూ ఎక్కించాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

రఫియా స్టూలు మీద కూర్చుని, మోటారు గాడుల్లో రాగి తీగ చుడుతోంది. నన్ను చూసి లేచింది. "బాగున్నావా అన్నా? పెదనాయన బాగున్నాడా? క్యాన్ నీళ్ళే తాగుతున్నాడా?" అని అడిగింది. టీ తెప్పించింది. వాళ్ళ నాన్న లోపల మంచం మీదనుంచే, "ఎవరమ్మీ?" అన్నాడు. "యూనివర్సిటీలో అన్న, అబ్బా. మనకు శానా సాయం చేసినోడు" అంది. "కూర్చోమను అమ్మీ" అన్నాడాయన.

టీ గ్లాసు పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడాలని, మళ్ళీ చదువు మొదలుపెట్టి ఉండాల్సిందమ్మా అన్నాను. ఆమె తీగ సర్దుకుంటూ మామూలుగా అంది. "వాళ్ళు తీసుకోనప్పుడే తెలిసిపోయిందిలే అన్నా, మనకంత లేదని. ఈడ నలుగురు మెచ్చుకుంటే నిజంగానే ఏదో ఉందనుకున్నా. బయటోళ్ళు చూస్తే గదా మన సత్తా ఎంతో తెలిసేది."

బాధపడుతూ అనలేదు. ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. సీటు పోగొట్టాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అంతకంటే ఎక్కువే చేశాను. ఆమెకు తన మీద ఉన్న నమ్మకాన్ని తీసేశాను.

ఇక్కడితో ఆపేయాలని ఉంది. ఇంతవరకు రాసింది చదివితే, భయపడ్డాడు, చిన్న ఉద్యోగి, ఒక పొరపాటును కప్పిపుచ్చుకున్నాడు అని మీరు అనుకోవచ్చు. అలా అనుకునేలాగే రాసుకుంటూ వచ్చాను. కానీ చెప్పింది సగమే.

ఆ వారం శుక్రవారం పొద్దున విభాగం ఫోన్ మోగింది. ఎవరూ లేకపోతే నేనే ఎత్తాను. ఆ సంస్థ నుంచి ఒక ప్రొఫెసరమ్మ. మర్యాదగా, నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడింది. రఫియా అనే అమ్మాయికి మెయిల్ పంపాం, జవాబు రాలేదు, దరఖాస్తులో ఉన్న ఫోన్ నంబరు ఇదే, మామూలుగా మేం ఫోన్ చేయం, కానీ ఆమె పని మాకు బాగా నచ్చింది, మా జాబితాలో మొదటి పేరు ఆమెదే, ఆమె అక్కడుంటే ఒకసారి ఫోన్ ఇస్తారా అంది.

రఫియా ఉంది. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. బయట కుళాయి దగ్గర కూర్చుని సీసాలు కడుగుతోంది. నేను కేకేస్తే వినపడేంత దూరం. ఇంకా ఒకరోజు గడువుంది. ఉత్తరం కూడా అక్కర్లేదు. ఆమె ఫోన్ అందుకుని, చేరతానంటే చాలు.

కానీ ఆమె వస్తే మెయిల్ సంగతి తెలుస్తుంది. మంగళవారం నేను ఆమెతో "రాలేదు" అన్నది అబద్ధమని తెలుస్తుంది.

"ఆమె రావడం లేదండి. ఇంట్లో ఒప్పుకోలేదు" అన్నాను.

ఎక్కడినుంచి వచ్చింది నాకా మాట? ఏ కారణమైనా చెప్పి ఉండొచ్చు. ఊళ్ళో లేదనొచ్చు, ఒంట్లో బాగాలేదనొచ్చు. నాకు తెలుసు, ఆ పేరు విన్నవాళ్ళు ఇంకే కారణం కంటే ఈ కారణం త్వరగా నమ్ముతారని. ముస్లిం ఇల్లు కదా, ఆడపిల్లను అంత దూరం పంపరు అని నేను అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, "అయ్యో, అలాగా" అంది. కూతురు చదువు కోసం దుకాణం మూసి మోపెడ్ మీద ఊళ్ళు తిరిగిన మనిషి మీద ఆ మాట వేశాను. చూపు లేక మంచం పట్టి కూడా, శానా సాయం చేసినోడంటే నన్ను కూర్చోమన్నాడు ఆయన.

పెట్టేసే ముందు ఆవిడ ఇంకో మాట అంది. "మీరు ఆమెకు నా మాటగా ఒకటి చెప్పండి. ఏ కారణం చేత రాలేకపోయినా పని మాత్రం ఆపొద్దని, మాకు వచ్చినవాటిలో ఆమెదే అన్నిటికంటే మంచిదని." చెబుతాను అన్నాను. థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఇప్పుడు చెబితే ఏం లాభం, ఆమె మనసు ఇంకా విరుగుతుంది అని చెప్పేవాళ్ళుంటారు. నేనూ చాలాకాలం అదే చెప్పుకున్నాను. ఆమె కోసం కాదు, నా కోసం. ఆమె ఎదుట నిలబడి ఇది చెప్పే ధైర్యం నాకు ఈ రోజుకూ లేదు. రేపు వస్తుందని మీకు మాటివ్వలేను, నా మాట విలువ ఎంతో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఇదంతా నాలోంచి బయటికి వచ్చింది, దానికే ఒళ్ళు కొంచెం తేలికపడింది. ఆ తేలిక కూడా సిగ్గుగానే ఉంది.

ఆమెకివ్వమని ఒకరు నా చేతికిచ్చిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను. రఫియా, ఆ జాబితాలో మొదటి పేరు నీదే. నువ్వు ఎందుకు రావడం లేదని వాళ్ళు ఫోన్ చేసి అడిగారు.